అరికాలికి తెలియని నేల

అక్కా, నా పెద్దదిక్కా,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. "నీకున్నది గుండెనా, బండరాయా? కన్న కూతురు నోరు తెరిచి అడిగితే కాదంటావా?" అన్నావు. పాలవాడు పిలుస్తున్నాడని చెప్పి పెట్టేశాను. పాలవాడు పొద్దున్నే వచ్చి వెళ్లిపోయాడు. ఫోన్‌లో నాకు అబద్ధం ఇట్టే దొర్లిపోతుందక్కా. అవతలివాళ్లు "ఎలా ఉన్నావు" అనడమే ఆలస్యం, "బాగున్నాను" అని నోరు దానంతటదే అనేస్తుంది. కాగితం ముందు కూర్చుంటే అంత సులువు కాదు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. దానికీ ఒక కారణముంది. అన్నీ వరుసగా చెప్పాలని మొదలుపెట్టాను కానీ, వరుస నిలుస్తుందో లేదో తెలియదు.

అమ్మాయి నన్నడిగింది ఒక్కటే. సెలవు అయిపోతోంది, మళ్లీ ఉద్యోగంలో చేరాలి, పాపకు నడక వచ్చేదాకా వచ్చి ఉండమంది. నేనేమన్నానో తెలుసా? "నిన్ను పెంచేసరికే నా ఓపిక అయిపోయింది. మళ్లీ మొదటినుంచీ నావల్ల కాదు. ఆయాను పెట్టుకో" అన్నాను. "సరేనమ్మా" అంది అది. ఆ సరేనమ్మా ఎలా ఉందంటే, పరాయివాళ్ల ఇంటి తలుపు తట్టి, ఎవరూ తీయకపోతే వెనక్కి తిరిగి వెళ్లిపోయే మనిషి గొంతులా ఉంది. అప్పటినుంచీ ఫోను లేదు. పాప ఫోటోలు మీ మరిదిగారి ఫోనుకి వస్తున్నాయి, నా ఫోనుకి రావడం లేదు. ఆయన ఫోటో చూపించబోతే, వంటింట్లో పని ఉన్నట్టు లేచిపోతున్నాను. ఆయన కూడా ఈ మధ్య నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు.

పాపను ఎత్తుకోవాలని నాకు లేదనుకున్నావా? నాకు భయమక్కా. ఎందుకు భయమో రాయడానికే ఈ కాగితం తీశాను. ఇప్పటికే సగం పేజీ అయిపోయింది, ఇంకా అసలు మాటలోకి రాలేదు.

నా పాదాలు నావి కాకుండా పోయాయి. అంతకన్నా సూటిగా చెప్పడం నాకు రాదు. మొదట వేళ్ల చివర చీమలు పాకినట్టుండేది. తర్వాత అరికాళ్ల కింద ఎవరో మందంగా దూది పరిచినట్టు, నేల నేలలా తగలడం మానేసింది. ఇప్పుడు మోకాలి కింద దాకా మేజోళ్లు తొడుక్కున్నట్టే ఉంటుంది, విప్పుదామంటే మేజోళ్లు లేవు. ఒకరోజు కూరగాయల దుకాణం నుంచి ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. వెనక్కి వెళ్లి వెతకడానికి సిగ్గేసింది. ఎవరైనా "ఏం వెతుకుతున్నారమ్మా" అంటే ఏం చెప్పాలి? ఒక కాలు దుమ్ముతో ఇంట్లోకి వచ్చి, కడుక్కుని, కొత్త జత తీసి తొడుక్కున్నాను. చేతివేళ్లకు కూడా మొదలైంది. జాకెట్టు హుక్కులు చూడకుండా పెట్టుకోలేను. చిల్లర పర్సులో వెతికితే ఏ నాణెం ఏదో తెలియదు. పెన్ను పట్టుకున్నానో లేదో చూసుకుంటూ రాయాలి. నా చేతిరాత చూసి బళ్లో పంతులమ్మ నా నోటుబుక్కు క్లాసంతా తిప్పేది, నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఈ పేజీ చూడు.

ముఖం కడుక్కునేటప్పుడు సబ్బు నురగకి కళ్లు మూసుకుంటాం కదా, మూసుకున్న మరుక్షణం నేను పక్కకి ఒరిగిపోతాను. కళ్లు తెరిచి నేలవైపు చూస్తేనే నిలబడగలను. ఆ సంగతి కనిపెట్టిన దగ్గరనుంచి ఒక చేత్తో కొళాయి పట్టుకుని, ఇంకో చేత్తో సగం సగం ముఖం కడుక్కుంటున్నాను. ఇంట్లో కూడా ఎక్కడికక్కడ ఆసరా ఏర్పాటు చేసుకున్నాను. కుర్చీని కిటికీ దగ్గరికి, బట్టల పెట్టెను నడవలోకి, చిన్న బల్లను వంటింటి గుమ్మం పక్కకి జరిపాను. దేన్నో ఒకదాన్ని తాకుతూ ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లిపోవచ్చు. మీ మరిదిగారు చూసి "ఇల్లు సర్దావా, బాగుంది, గాలి బాగా వస్తోంది" అన్నారు.

ఇక పాప సంగతి. పురుటికి అమ్మాయి దగ్గర ఉన్నాను కదా, తిరిగి వచ్చే ముందు వారంలో జరిగిందిది. పాపకు స్నానం చేయించి, తువ్వాల్లో చుట్టి ఎత్తుకుని స్నానాలగది గుమ్మం దాటుతున్నాను. అమ్మాయి లోపల బట్టలు తీస్తోంది. పాప నెత్తిమీది నీటిచుక్కలు నా కంట్లో పడ్డాయి. అంతే, కళ్లు మూసుకున్నాను. గుమ్మం ఎటుందో, నేల ఎటుందో తెలియలేదు. ఒరిగిపోయాను. నా భుజం గోడకు తగిలింది కాబట్టి ఆగాను. గోడ ఆ పక్క కాకుండా ఈ పక్క ఉంటే? పాప ఏడవలేదు, నా ముఖంలోకి చూసి ఆవులించింది. ఎవరూ చూడలేదు. నా భుజం మీది కమిలిన మచ్చ పోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజునుంచి నడుంనొప్పి అని చెప్పి పాపను ఎత్తుకోలేదు. అమ్మాయి నా ఒళ్లోకి ఇవ్వబోతే, "పడుకోబెట్టు, ఎత్తుకోవడం అలవాటు చేస్తే దిగదు" అని కసిరాను. అది నా నోటికి అలవాటైన గొంతే కదా, నమ్మేసింది.

నువ్వంటావు, డాక్టరుకి చెప్పొచ్చు కదా అని. అక్కడే ఉంది నా సిగ్గంతా.

నాకూ నీకూ షుగరు ఇంచుమించు ఒకేసారి వచ్చింది. నువ్వు నవ్వుతూ తీసుకున్నావు. నేను పరీక్షకు చదివినట్టు తీసుకున్నాను. ఏది ఎంత తినాలో తూకం వేసుకున్నాను. పాలు మానేశాను, గుడ్డు మానేశాను, ఎవరింటికి వెళ్లినా నీళ్లు తప్ప ఏదీ ముట్టనని పేరు తెచ్చుకున్నాను. మా ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను చూపించి కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పేది, "ఈవిడ దగ్గర నేర్చుకోండి" అని. వరండాలో కూర్చున్నవాళ్లంతా తల తిప్పి చూసేవాళ్లు. ఆ చూపులు నాకు ఎంత తియ్యగా ఉండేవో, తీపి మానేసిన మనిషికి అంతకన్నా తీపి ఏముంటుంది చెప్పు. కానీ అందులో ఒక దొంగతనం ఉంది. రక్తపరీక్షకు వెళ్లేముందు పదిరోజులు నేను తిండి సగానికి సగం తగ్గించేస్తాను. కళ్లు తిరిగినా సరే. అంకె బాగా రావాలి. మిగతా రోజుల్లో అప్పుడప్పుడూ, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, వంటింట్లో నిలబడి తీపి తినేదాన్ని. కూర్చుని తింటే తప్పనీ, నిలబడి తింటే లెక్కలోకి రాదనీ నా లోపల ఒక చట్టం ఉండేది.

కాళ్లలో తిమ్మిరి అంటే షుగరు సరిగా చూసుకోనివాళ్లకు వచ్చేదని ఆసుపత్రి గోడమీద బొమ్మతో సహా రాసి ఉంటుంది. నర్సమ్మ ప్రతిసారీ అడుగుతుంది, "కాళ్లల్లో మంట, తిమ్మిరి ఏమైనా ఉందామ్మా?" అని. ప్రతిసారీ "లేదు" అన్నాను. ఆమె "మీకెందుకుంటుంది లెండి" అని నవ్వి రాసుకునేది. ఒకసారి అలా నవ్వించుకున్నాక, మళ్లీసారి "ఉంది" అనడం ఎలా?

పోయిన వారం కాళ్లు చల్లగా ఉన్నాయని వేడినీళ్ల సంచీ పెట్టుకుని పడుకున్నాను. పొద్దున దుప్పటి అంటుకుని ఉంది. మడమ మీద అరచేయంత బొబ్బ. నాకు నొప్పి తెలియలేదు. నొప్పి తెలియకపోవడం ఎంత భయమో ఇదివరకు నాకు తెలియదు. మీ మరిదిగారు చూడకుండా గుడ్డ కట్టుకుని మేజోళ్లు వేసుకుంటున్నాను.

ఇదీ నా బండగుండె కథ. ఇన్నేళ్లూ నీ ప్లేటులోకి తొంగి చూసి, నలుగురిలో నిన్ను మందలించినదాన్ని. నీకు తిండి పట్టికలు రాసి పంపి, హెడ్మాస్టరని నీచేత పేరు పెట్టించుకున్నదాన్ని. "నీ కాళ్లు పోతాయి చూడు" అని నీ పెద్దకొడుకు పెళ్లిలో, మీ వియ్యపురాలి ముందు అన్నదాన్ని. ఆ మాట తిరిగొచ్చి నా కాళ్లనే పట్టుకుంది. నవ్వాలనిపిస్తే నవ్వు. ఎవరికీ చెప్పకు. అమ్మాయికి అసలే చెప్పకు. దాని దృష్టిలో రాయిలాంటి తల్లిని అనిపించుకోవడమే నయం. చేతగాని తల్లినీ, పైగా అబద్ధాలకోరునీ అనిపించుకోలేను.

నీ హెడ్మాస్టరు

*

ఒసేయ్ హెడ్మాస్టరూ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి, మూడోసారి మీ బావగారికి చదివి వినిపించాను. ఎవరికీ చెప్పకు అన్నావు కానీ, ఆయన ఎవరూ కాదులే. విని ఆయన ఒకటే అన్నారు, "దానికి పొగరు తగ్గడానికి రోగం రావాల్సివచ్చింది, పాపం" అని. తిట్టాననుకోకు, ఆ మాట అంటూ కళ్లు తుడుచుకున్నారు.

నాకు నీలా వరుసగా రాయడం రాదు. ముందు ఒక సంగతి చెప్తా, కూర్చుని చదువు. నిలబడి చదివి పడిపోకు.

నాకూ అదే వచ్చింది. ఇప్పుడు కాదు, పోయినేడు. చీమలు, దూది, చెప్పు జారడం, అన్నీ. నాకైతే నాలుక కూడా ఎర్రగా పుండులా అయి, కారం తింటే ప్రాణం పోయేది. పేర్లు మర్చిపోయేదాన్ని. పక్కింటావిడని పట్టుకుని "ఏమండీ, మీ పేరు" అనడిగితే ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. నాకు నీలాగా పరువు బాధ లేదు కదా, వెళ్లి మా డాక్టరుకి మొత్తం వాగేశాను. ఆయన రక్తం తీయించి చూసి, బి పన్నెండు అనే విటమిను అడుగంటిపోయింది అన్నాడు. మనం వేసుకునే షుగరు మాత్ర ఉంది చూడు, ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరికి ఆ విటమిను ఒంటికి పట్టనివ్వదట. పిర్రమీద సూదులు పొడిపించుకున్నా. మొదట్లో రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి, ఇప్పుడు నెలకోసారి. నాలుక వెంటనే బాగుపడింది. కాళ్లు మెల్లమెల్లగా వస్తున్నాయి. ఎడమకాలి బొటనవేలు మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నాకొచ్చిందని నీకూ అదేనని ఖాయంగా చెప్పలేను, నేనేం డాక్టర్నా? కానీ అడగాలి కదే! ఆ ఒక్క పరీక్ష చేయమని నోరు తెరిచి అడగాలి కదా!

ఇప్పుడు నువ్వు అడుగుతావు, "మరి నాకెందుకు చెప్పలేదక్కా" అని. చెప్దామనే మీ ఇంటికి వచ్చాను. పోయినేడు ఎండాకాలంలో వచ్చాను చూడు, అందుకే వచ్చాను. భోజనానికి కూర్చున్నాం. నేను రెండోసారి వడ్డించుకుంటే నువ్వు నా ప్లేటు వంక ఒక చూపు చూశావు. అంతే, నా నోరు పడిపోయింది. "కాళ్లు తిమ్మిరే" అంటే నువ్వు "నేను చెప్పలేదా" అంటావు. ఆ మాట పడేకంటే సూదులు నయమనిపించింది. మీ ఆయనతో వాతావరణం గురించి మాట్లాడి, సంచీ సర్దుకుని వచ్చేశాను.

ఇది నిన్ను ఏడిపించడానికి రాయడంలేదు. నీ పక్కన కూర్చుని కూడా నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు నీ కూతురు పక్కన నువ్వు చెప్పలేకపోతున్నావు. మన ఇంట్లో ఇదొక జబ్బు, దీనికి సూది లేదు.

రేపే డాక్టరు దగ్గరికి పో. మీ ఆయన్ని తీసుకుని పో. ఆ బొబ్బ ముందు చూపించు. వచ్చే ఆదివారంలోగా నీ కూతురికి నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నేను చెప్తే ఎలా చెప్తానో నీకు తెలుసు, సగం నాటకం కలిపి చెప్తాను. కాబట్టి నువ్వే చెప్పుకో.

నీ తిండిపోతు అక్క

*

అక్కా, నన్ను కనిపెట్టి ఉన్న తల్లీ,

నీ ఉత్తరం వచ్చాక రెండురోజులు నాకు ఏ పనీ చేతికి రాలేదు. నీ సూదుల సంగతి చదివి కాదు. ఆ చూపు సంగతి చదివి. నేను చూశాను, నాకు గుర్తుంది. నువ్వు మెల్లగా గరిటె తిరిగి గిన్నెలో పెట్టేశావు కూడా. నేను లోలోపల సంతోషించాను, అక్క దారికొస్తోంది అని. నా మీద నాకున్న గొప్ప అంతా ఆ చూపులోనే ఉంది. ఆ రోజు నేను నోరు మూసుకుని నీ ప్లేటులో ఇంకో గరిటె వేసి ఉంటే, నువ్వు చెప్పేదానివి, నేను ఏడాది ముందే పరీక్ష చేయించుకునేదాన్ని. నిన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అడుగుతున్నాను.

మీ మరిదిగారికి మొదట చెప్పాను. ఆయన పేపరు చదువుతున్నారు. మేజోడు తీసి కాలు ఆయన ముందు బల్లమీద పెట్టాను. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ముందు బల్లమీద కాలు పెట్టడం ఇదే మొదలు. బొబ్బ చూసి ఆయన పేపరు కిందపడేశారు.

"ఏంటిది? ఎప్పుడయింది?"

"రెండు వారాలు దాటింది. తెలియలేదు."

"కాలితే తెలియకపోవడం ఏంటి?"

మొత్తం చెప్పాను. గదిలో సామాను ఎందుకు జరిపానో కూడా చెప్పాను. ఆయన కుర్చీవంక, పెట్టెవంక, బల్లవంక ఒక్కొక్కటిగా చూశారు. "నేను గాలి బాగా వస్తోందన్నాను" అన్నారు మెల్లగా. లేచి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చారు. గుండీలు ఒకదానికి ఇంకోటి పెట్టుకున్నారు. నేను సరిచేయబోయి, నా వేళ్లకూ కుదరక, ఇద్దరం అలాగే ఆసుపత్రికి వెళ్లాం.

నర్సమ్మ అలవాటుగా "కాళ్లల్లో తిమ్మిరి లేదుగా?" అని రాసుకోబోయింది. "ఉంది" అన్నాను. ఆమె పెన్ను ఆపి నా ముఖంలోకి చూసింది. వరండాలో ఉన్నవాళ్లంతా వింటున్నారని నాకనిపించింది. నిజానికి ఎవరి గోలలో వాళ్లున్నారు.

డాక్టరమ్మ బొబ్బకు కట్టు కట్టించి, నన్ను బల్లమీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమంది. కాలి బొటనవేలు పట్టుకుని పైకి వంచుతుందట, కిందకి వంచుతుందట, ఏ వైపో నేను చెప్పాలి. నాకేమీ తెలియడం లేదు. కానీ తెలియదంటే మార్కులు పోతాయన్న బుద్ధి ఎక్కడికి పోతుంది? "పైకి" అన్నాను.

"నేనింకా వేలు పట్టుకోలేదమ్మా" అంది.

మీ మరిదిగారు అటు తిరిగి దగ్గారు. నేను కళ్లు మూసుకునే ఏడ్చాను. సిగ్గుతోనో నవ్వుతోనో నాకే తెలియలేదు. ఆవిడ నా చేయి పట్టుకుని, "తెలియకపోతే తెలియదనండి. నాకు కావలసింది అదే జవాబు" అంది.

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. నీలాగే, అడుగంటిపోయింది. ఆ షుగరు మాత్ర ఒకటి, కడుపులో మంటకని నేనే దుకాణంలో కొనుక్కుని రోజూ మింగే మాత్ర ఇంకొకటి. పైగా పాలూ గుడ్లూ అసలు ముట్టని నా గొప్ప నియమం. మూడూ కలిశాయట. కరెంటు తీగమీద తొడుగు ఊడిపోయినట్టు నరాల మీది పూత పాడవుతుందట. షుగరు వల్ల కూడా కొంత ఉండొచ్చు, ఏది ఎంతో ఇప్పుడే విడదీసి చెప్పలేనంది. ఏడాది ఆలస్యమైంది కాబట్టి మొత్తం తిరిగి రాకపోవచ్చు కూడా అంది. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

పదిరోజుల దొంగతనం కూడా చెప్పేశాను. ఇంతదూరం వచ్చాక దాచడమెందుకని. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "మేము చూసేది మూడు నెలల సగటమ్మా. మీరు పదిరోజులు కడుపు మాడ్చుకుంటే దానికి పట్టదు. మీ షుగరు నిజంగానే బాగుంది" అంది. అంటే అక్కా, నేను నిలబడి తిన్న తీపి నన్ను దించలేదు, నేను మాడ్చుకున్న కడుపు నన్ను నిలబెట్టలేదు. ఇన్నేళ్లు దొంగనని కుమిలిపోయింది ఊరికే. తర్వాత ఆవిడ నవ్వు మానేసి, "నేనూ ముందే ఈ పరీక్ష చేయించాల్సింది. ఏళ్లుగా ఆ మాత్ర వాడుతున్నారు. మీరు ఏమీ లేదన్నారు, మీరు చెప్తే తప్పుండదని నమ్మేశాను" అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయాం కాసేపు.

సూదులు మొదలయ్యాయి. నువ్వు రాసినట్టే రోజు విడిచి రోజు.

ఇక అమ్మాయి. శనివారందాకా ఫోను పట్టుకుని పెడుతూ, తీస్తూ ఉన్నాను. నీ నాటకానికి భయపడి చివరికి చేశాను. "ఓసారి పాపను తీసుకుని రా, నీతో మాట్లాడాలి" అని మాత్రమే అనగలిగాను. "ఫోన్‌లో చెప్పమ్మా, నాకు పనుంది" అంది ముక్తసరిగా. "ఫోన్‌లో నేను నిజం చెప్పలేను" అన్నాను. ఏమనుకుందో, ఆదివారం పొద్దున్నే పాపను ఎత్తుకుని దిగింది.

గుమ్మంలోనే నిలబెట్టి చెప్పేశాను. కూర్చోబెడితే చెప్పలేనని భయం. స్నానాలగది గుమ్మం దగ్గర పాపతో ఒరిగిపోయిన సంగతి కూడా చెప్పాను. దాని ముఖం తెల్లబోయింది. పాపను గుండెకు అదుముకుంది. నేను అదే అనుకున్నాను, ఇక ఇది నా దగ్గరకు రానివ్వదు అని.

"నేను నిన్ను ఏమనుకున్నానో తెలుసా?" అంది. "ఆడపిల్లని కన్నాననో, నీకు నేనంటేనే విసుగొచ్చిందనో. ఇన్ని రోజులు ఏం చేశానో తెలుసా? నేనేం తప్పు చేశానా అని నీతో మాట్లాడిన ప్రతి మాటా గుర్తు తెచ్చుకున్నాను."

"చెప్పడానికి సిగ్గేసిందే."

"సిగ్గేంటమ్మా? పాలు పడక, పాప ఏడుస్తుంటే, నీ ముందు రవిక విప్పుకుని కూర్చుని నేను ఏడవలేదా? నువ్వే కదా తువ్వాలు తడిపి కాపడం పెట్టింది? నాకు సిగ్గులేదా అప్పుడు?"

నువ్వుంటే ఏదో ఒకటి అనేదానివి.

అది లోపలికి వచ్చింది. చాప తీసి గోడవారగా పరిచింది. "కూర్చో" అంది. నన్నే హెడ్మాస్టరు అంటావు, దాని గొంతు వినాలి నువ్వు. కూర్చున్నాను. వీపు గోడకు ఆనించమంది. ఆనించాను. కాళ్లు చాపమంది. చాపాను. పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఇప్పుడు ఎటు ఒరుగుతావో ఒరుగు" అంది.

ఎటూ ఒరగలేదు. ఎన్ని రోజులకి ఎత్తుకున్నానో లెక్క వేసుకోలేదు. పాప బరువెక్కింది. నా కొంగు పిడికిట పట్టుకుని నోట్లో పెట్టుకుంది. దాని జుట్టు మెత్తగా ఉందో లేదో నా వేళ్లకు సరిగా తెలియలేదు. అందుకని వంగి చెంప ఆనించాను. చెంపకు తెలిసింది.

ఆయాను పెట్టాలని అదే తేల్చింది. ఎత్తుకోవడం, స్నానం చేయించడం ఆ మనిషి పని. నేను వెళ్లి అక్కడ ఉండాలి, ఇలా చాప మీద కూర్చోవాలి, పాపకు తెలిసిన ముఖం ఒకటి ఇంట్లో ఉండాలి. సూదులు అక్కడి ఆసుపత్రిలో పొడిపించుకోవచ్చని కూడా కనుక్కుంది. "నువ్వు ఒరిగినా, తిమ్మిరెక్కినా, ఏది జరిగినా ఆ రోజే నాకు చెప్పాలి. ఆ ఒక్కటి ఒప్పుకుంటేనే రా" అంది. ఒప్పుకోవడం ఎంత కష్టమో దానికి తెలియదు. ఒప్పుకున్నాను.

పాపను ఒళ్లోంచి దించి, చాపిన నా కాళ్లమీద, పిక్కల దగ్గర పడుకోబెట్టుకున్నాను. ఇంతలో అమ్మాయి ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏంటే?"

"నీ కాలు చూసుకో."

చూసుకున్నాను. పాప తడిపేసింది. నా పాదం మీదుగా కారి చాపంతా మడుగు కట్టింది. ఎంతసేపయిందో ఏమో, నేను హాయిగా కూర్చునే ఉన్నాను.

"వెచ్చగా తగల్లేదా అమ్మా?"

"లేదు" అన్నాను. అని దాని ముఖంలోకి చూశాను. "తెలియలేదు."

అది తువ్వాలు తెచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, కట్టు తడవకుండా, ఒక్కొక్క వేలి సందూ తుడిచింది. నాకు ఆ తుడవడం కూడా తెలియడం లేదు. చూస్తూ కూర్చున్నాను.

నీ చెల్లెలు